ఎవరికమ్మా దాహం?

ప్రభుత్వ వైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. తీరా చూస్తే వాళ్ళకి కావలసింది ఏ ఊరి పోస్టింగు మంచిది, ఏ పై అధికారితో జాగ్రత్తగా ఉండాలి అన్నది. ఆ సంగతులు నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడే సరిగా తెలియవు, ఇప్పుడేం చెబుతాను? నాకు తెలిసింది ఒక్క రకం రోగుల గురించే. ఓడల మీద పనిచేసే మగవాళ్ళు, ఒడ్డున ఉండిపోయే వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. ఎనభైల్లో, తొంభైల్లో తెనాలిలో ఉంటూ, రేపల్లెకీ బాపట్లకీ తిరుగుతూ నేను చూసింది వాళ్ళనే. ఆ మాత్రం రాయడానికి కూర్చున్నాను. ఓపిక ఎక్కువ లేదు కాబట్టి బదిలీలూ ప్రమోషన్లూ వదిలేస్తున్నాను.

సముద్రం లేని ఊళ్ళో ఓడల వైద్యం

తెనాలిలో ఓడలేంటి అని మా చుట్టాలు నవ్వేవారు. చేబ్రోలు బడిలో మాస్టారు చేసిన మా నాన్నగారైతే చివరిదాకా నేను పడవల ఆస్పత్రిలో పనిచేస్తున్నాననే చెప్పుకున్నారు. అసలు సంగతేంటంటే, రేపల్లె కింద తీరం ఊళ్ళ నుంచీ, బాపట్ల వైపు నుంచీ చాలామంది వల పక్కన పెట్టి పెద్ద ఓడల్లో చేరారు. డెక్కు మీద కళాసీలు, ఇంజను గదిలో నూనె పనివాళ్ళు, వంటవాళ్ళు. భట్టిప్రోలు చుట్టుపక్కల మా లూథరన్ క్రైస్తవ కుటుంబాల కుర్రాళ్ళు కూడా టెన్త్ అవగానే ఓడల్లో భోజనాలు వడ్డించే స్టీవార్డులుగా వెళ్ళేవాళ్ళు. వాళ్ళు ఓడ ఎక్కేది మద్రాసులోనో విశాఖలోనో. కుటుంబాలు మాత్రం ఇక్కడే. అందుకని రైళ్ళన్నీ కలిసే తెనాలిలో ఒక అద్దె ఇంట్లో ప్రభుత్వం వాళ్ళ కోసం ఈ వైద్యశాల పెట్టింది. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఒక నర్సు. వారంలో ఒక రోజు రేపల్లెలో, ఒక రోజు బాపట్లలో అరువు గదుల్లో కూర్చునేవాళ్ళం.

రేపల్లె పాసింజరు గురించి తెలియనివాళ్ళకి ఏం చెప్పను? మనిషి చెయ్యెత్తితే ఆగుతుందేమో అనిపించే బండి. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, పక్కన చేపల గంపలతో, అన్నేళ్ళూ ప్రయాణం చేశాను. నా నడుం నొప్పికి ఏ పుస్తకంలోనూ లేని కారణం అదే. సాయంత్రం తెనాలి స్టేషన్లో దిగేసరికి ఎవరైనా "బాగున్నారా?" అంటే జవాబు చెప్పడానికి కూడా బద్ధకంగా ఉండేది.

పని గొప్పదేమీ కాదు. పిల్లలకి నట్టలు, ఆడవాళ్ళకి రక్తం లేకపోవడం, సెలవులో వచ్చిన మగవాళ్ళకి ఏ రేవులోనో అంటుకున్న జ్వరాలు. వీటితోపాటు ఇంకో పని ఉండేది. మళ్ళీ ఓడ ఎక్కబోయే వాళ్ళని పరీక్ష చేసి, ఫిట్టో అన్‌ఫిట్టో తేల్చడం. వైద్యం చేసే చేత్తోనే ఉద్యోగం తీసేయగల పని అది. ఈ రెండూ ఒకే మనిషికి ఎందుకు అప్పజెప్పారో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. తెలివైనవాడెవడూ ఈ పద్ధతి పెట్టి ఉండడు.

కోపానికి మందు

బాపట్లలో ఒకావిడ వచ్చి, మొగుడి కోపానికి మందు కావాలంది.

"ఓడ దిగొచ్చిన కాడ్నుంచీ ఒకటే అరుపులండి. మంచినీళ్ళడిగినా అరుపే. మా అత్తగారు భయపడి ఆడపడుచు ఇంటికెళ్ళిపోయిందండి."

నేను కూడా పప్పులో కాలేసేదాన్నే. నరాలకి సంబంధించిన మాత్రలు రాసి పంపేద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఆయన్ని తీసుకురమ్మన్నాను. వచ్చాడు. పాపం, ఆయనది కోపం కాదు. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. అక్కడ అరిస్తేనే ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. ఇంటికొచ్చి అదే గొంతుతో పెళ్ళాన్ని ముద్దుగా పిలిచినా ఊరు ఉలిక్కిపడుతోంది.

ఆ సంగతి ఆవిడకి చెబితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఏడ్చింది. "నా మీద కోపం కాదన్నమాట" అంది. మందు ఇవ్వకుండా నయం చేసిన జబ్బులు నా ఉద్యోగంలో చాలా తక్కువ. అందుకే అది గుర్తుంది.

మనిషిని చూడకుండా మందు రాయకూడదన్న సంగతి నాకు అక్కడే తెలిసి ఉండాలి. తెలిసిందనే అనుకున్నాను. కానీ చూడని మనిషికి మందు రాస్తున్నానని నాకే తెలియకపోతే ఏం చేయను?

కర్త లేని వాక్యాలు

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. జబ్బు చెప్పడానికి మనిషి అక్కర్లేదు. "తల తిరుగుతోంది", "ఆయాసంగా ఉంది", "అన్నం సయించట్లేదు" అంటే చాలు. నాకు, ఆయనకి, అత్తగారికి అన్న మాట లేకుండానే వాక్యం నిండుగా ఉంటుంది. దానికి తోడు మా రేపల్లె వరండాలో ఏ ఆడదీ మొగుడి పేరు పలికేది కాదు. వైద్యశాల కార్డు మీద ఆ పేరు రాయాల్సి వస్తే పక్కనున్నావిడ వైపు చూసేది. ఆవిడ చెప్పేది. మళ్ళీ ఆవిడ వంతు వచ్చినప్పుడు ఈవిడ చెప్పేది. ఒకరి మొగుళ్ళ పేర్లు ఒకరు అప్పజెప్పుకుంటుంటే మా నర్సు ఎలిజబెత్ నవ్వాపుకోలేక లోపలికి పారిపోయేది.

సుబ్బరత్నం అలా వచ్చిన మనిషే. ముప్పై దాటి ఉంటుంది. నిజాంపట్నం దగ్గర ఊరు. మొగుడు కోటేశ్వరరావు ఓడ ఇంజను గదిలో నూనె పనివాడని పక్కావిడ చెప్పింది. సుబ్బరత్నం స్టూలు మీద కూర్చుని, నేల చూస్తూ చెప్పింది.

"దాహమండి. ఎంత తాగినా తీరట్లేదు. ఒంటేలుకి మాటిమాటికీ లేవాల్సొస్తుంది. మనిషి తీసుకుపోతున్నట్టు ఉంటుందండి."

మూత్రం పరీక్ష చేయాలి, వచ్చే వారం పట్టుకురా అనబోతే, చేతిసంచిలోంచి కడిగిన సీసాలో అప్పటికే తెచ్చింది తీసి బల్ల మీద పెట్టింది. ముందుచూపున్న మనిషి అని మెచ్చుకున్నాను కూడా. ఆ రోజుల్లో పరీక్ష అంటే నీలం మందులో కొన్ని చుక్కలు వేసి స్పిరిటు దీపం మీద కాచడమే. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. బాగా ఉంటే ఇటుక రంగుకి తిరుగుతుంది. సుబ్బరత్నం సీసా ఇటుక రంగుకి తిరిగింది. చక్కెర జబ్బు అని చెప్పి, మాత్రలు ఇచ్చి, తిండి సంగతి వివరంగా చెప్పాను. ఆవిడ ప్రతి మాటా రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

కొన్ని నెలలకి పరీక్ష నీలంగా వచ్చింది. అప్పటికి మొగుడు ఓడ ఎక్కేశాడు. నేను సంతోషించాను. ఆవిడ సంతోషించలేదు. మాత్రలు మాత్రం ఎక్కువ కావాలంది. తర్వాత మొగుడు సెలవులో వచ్చాడు, పరీక్ష మళ్ళీ ఇటుక రంగు. ఆయన వెళ్ళాడు, నీలం. ఓడతోపాటు వచ్చి ఓడతోపాటు పోయే చక్కెర జబ్బు గురించి నేను చదువుకోలేదు. మా కాంపౌండరు ప్రకాశం మాత్రం, మొగుడు వచ్చినప్పుడు తీపి వంటలు చేసుకుంటుందేమో మేడం అన్నాడు.

ఈసారి మొగుడు ఇంట్లో ఉండగా ఆవిడ తెచ్చిన సీసా పక్కన పెట్టి, ఇంకో సీసా ఇచ్చి, గది వెనక్కి వెళ్ళి రమ్మన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. కాదనలేక వెళ్ళొచ్చింది. ఆవిడ ముందే రెండూ కాచాను. ఇంటి నుంచి తెచ్చింది ఇటుక రంగు. అప్పుడిచ్చింది నీలం.

"ఎవరికమ్మా దాహం?" అన్నాను.

"ఇంటికండి" అంది చివరికి.

"ఇంటికి దాహమేంటమ్మా?"

"నేను అబద్ధం చెప్పలేదండి అమ్మగారూ. నాకని ఎప్పుడన్నా అన్నానా?"

అనలేదు. గుర్తు చేసుకుంటే నిజంగానే ఒక్కసారి కూడా అనలేదు. ఆ రోజు నుంచీ రోగి ఏ మాట మొదలుపెట్టినా "ఎవరికి?" అని అడగడం నాకు అలవాటైపోయింది. మా ఇంట్లో ఎవరైనా తలనొప్పి అన్నా అదే అడుగుతాను, తిట్టుకుంటారు.

పెద్ద డాక్టరుగారి సలహా

ఇలాంటి ఇల్లు సుబ్బరత్నానిది ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. మగవాడి జబ్బు ఆడదాని పేర రాయించడం ఆ తీరంలో ఒక పద్ధతి. మగవాడి కార్డు మీద జబ్బు పేరు పడితే ఓడ ఉండదు. ఆడదాని కార్డు మీద ఎన్ని పడితే ఎవరికేంటి?

మా పై అధికారి మద్రాసు నుంచి వచ్చేవారు. ఓడ ఎక్కేవాళ్ళని పరీక్ష చేసేటప్పుడు చివరి సంతకం ఆయనదే. ఒకప్పుడు ఓడల మీద డాక్టరుగా తిరిగిన మనిషి. పెద్ద డాక్టరుగారు అనేవాళ్ళం. పేర్లు చెప్పకుండా, ఇలా జరుగుతోంది సార్ అని ఆయన్ని అడిగాను.

"మీ ముందు స్టూలు మీద కూర్చున్న మనిషే మీ రోగి. కూర్చోనివాడి సంగతి మీకెందుకమ్మా? మీ దాకా వస్తే చూడండి. రాకపోతే మీరు చూడలేదు. అంతే" అన్నారాయన.

ఆయన చెడ్డవారు కాదు. అన్‌ఫిట్ అన్న మాట వినగానే మగవాళ్ళు ఆయన కాళ్ళ మీద పడటం చాలాసార్లు చూసి ఉన్నారు. విసిగిపోయి చేతులు దులుపుకునే విద్య ఒకటి నేర్చుకున్నారు. దాన్ని నాకూ నేర్పాలనుకున్నారు. మీకూ ఎవరో ఒకరు నేర్పుతారు. అది చాలా సుఖమైన విద్య, కాకపోతే దాంతో రోగికి ఏమీ ఒరగదు.

నేను కోటేశ్వరరావుని తీసుకురమ్మన్నాను. ఇద్దరూ తెనాలి వచ్చారు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చిక్కిపోయి చొక్కా వదులైంది. మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"మాత్రలు వేసుకుంటూ ఓడలో ఎలా ఉంటుంది?" అని అడిగాను.

"బానే ఉంటదండి. ఒక్కోసారి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఇంజను రూములో అందరికీ చెమటేనండి. మొన్న నిచ్చెన మీద ఉండగా కళ్ళు బైర్లు కమ్మితే కడ్డీ పట్టుకుని ఆగాను. జేబులో చక్కెర ఉంటది. నోట్లో వేసుకున్నా, తగ్గిపోయింది."

"కింద ఏముంది?"

"ఏముంటదండి, ఇంజను."

సుబ్బరత్నం అప్పటిదాకా నేల చూస్తోంది. ఆ మాటకి తలెత్తి మొగుడి వైపు చూసింది. ఆవిడకి ఈ సంగతి తెలియదని నాకు అప్పుడే అర్థమైంది. ఆవిడ ఇన్నాళ్ళూ అతన్ని కాపాడుతున్నాననుకుంది. సముద్రం మీద మాత్ర వేసుకుని, పని ఒత్తిడిలో అన్నం ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది, ఆ చెమట వేడి వల్ల కాదు, ఇంకోసారి కడ్డీ అందకపోవచ్చు అని ఇద్దరికీ చెప్పాను. ఏడాది ఒడ్డున ఉండు, నేను చూస్తాను, అదుపులోకి వస్తే అప్పుడు మళ్ళీ అడుగుదాం అన్నాను.

"ఒడ్డునుండి ఏం చెయ్యనండి?" అన్నాడు. "ఊళ్ళో ఎవురన్నా మాటాడితే నాకు సగం అర్థం కాదు. ఎవురికెవురితో పడదో తెలీదు. ఓడలో నేనంటే పేరుందండి. ఇక్కడ నేను సుబ్బరత్నం మొగుణ్ణి."

జాలేసింది. అయినా చెప్పాల్సింది మొహం మీదే చెప్పాను. "కోటేశ్వరరావుగారూ, పరీక్ష రోజు మీరే చెబితే మంచిది. చెప్పకపోతే నేను చెబుతాను. మీ వెనక చెప్పడం ఇష్టం లేక ఇప్పుడే చెబుతున్నాను."

లేచి వెళ్ళిపోయాడు. సుబ్బరత్నం గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, "ఇంకోసారి అలా వస్తే పడిపోతాడా అండి?" అని అడిగింది. పడిపోవచ్చు అన్నాను.

ఆ సీసా

పరీక్ష రోజు మా తెనాలి వైద్యశాల పెళ్ళివారి విడిదిలా ఉండేది. కొత్త చొక్కాలు, తలకి నూనె, వరండాలో ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలతో. లోపల పెద్ద డాక్టరుగారు, పక్కన నేను. ఒక్కొక్కడూ వచ్చి బరువు చూపించుకుని, కళ్ళు చూపించుకుని, దొడ్డివైపు గదిలోకి వెళ్ళి సీసాతో వచ్చేవాడు. ప్రకాశం దీపం దగ్గర కాచేవాడు.

కోటేశ్వరరావు వంతు వచ్చింది. నా వైపు చూడలేదు. సీసా తెచ్చి ప్రకాశం ముందు పెట్టాడు. నీలం. ప్రకాశం ఇంకోసారి కాచాడు. నీలమే. నోరు విప్పితే నా మాటకీ ఆ గాజు గొట్టంలో కనబడుతున్న రంగుకీ పొంతన లేదు. రక్తం తీసి చూద్దాం సార్ అనడానికి మాట కూడదీసుకుంటున్నాను. పెద్ద డాక్టరుగారు అప్పటికే కలం తీశారు.

గుమ్మం దగ్గర ఎలిజబెత్ ఎవరినో ఆపుతోంది. "పరీక్ష జరుగుతోంది, ఆడవాళ్ళు రాకూడదమ్మా" అంటోంది. ఆవిడ చెయ్యి విదిలించుకుని సుబ్బరత్నం లోపలికి వచ్చింది. చొక్కాల్లేని మగవాళ్ళ మధ్య నుంచి తల దించకుండా నడిచి బల్ల ముందుకొచ్చింది.

"ఆ సీసాలోది నాదండి" అంది.

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

"పొద్దున నేనే ఇచ్చానండి. ఇయ్యమంటే ఇచ్చాను. చక్కెర జబ్బు నాకు కాదండి. కోటేశ్వరరావుకి." పేరు పలికేటప్పుడు గొంతు ఒక్కసారి తడబడింది. మళ్ళీ పలికింది. "ఈ కోటేశ్వరరావుకండి. మా ఆయనకి. ఇంజను మీద పడిపోబోయాడంట."

కోటేశ్వరరావు గోడ వైపు తిరిగి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. పెద్ద డాక్టరుగారు నా వైపు చూశారు. ఆయన కళ్ళలో కోపం లేదు, అలసట ఉంది. అన్‌ఫిట్ అని రాశారు. నేను చెప్పాల్సిన మాట ఆవిడ చెప్పింది. అందుకు నాకు సిగ్గుగానూ ఉంది, బరువు దిగినట్టుగానూ ఉంది. రెండూ రాస్తున్నాను, ఒకటే రాస్తే అబద్ధమవుతుంది.

ఆ సాయంత్రం రేపల్లె బండికి వాళ్ళిద్దరూ వెళ్ళడం ప్రకాశం చూశాడట. ఆయన ముందు పెట్టె ఎక్కాడు, ఆవిడ వెనక పెట్టె ఎక్కింది.

తర్వాత

కోటేశ్వరరావు పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు. పనిలో మంచి పేరు వచ్చింది. నా దగ్గరికి మాత్రం రాలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. నన్ను తిట్టుకునే ఉంటాడు, దానికి నేను బాధపడలేదు. నన్ను నిజంగా బాధపెట్టింది ఇంకొకటి. ఆ రోజు నుంచీ పెళ్ళాంతో మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, మాత్ర ఇస్తే వేసుకునేవాడు. మాట లేదు. నలుగురిలో పేరు పెట్టి పిలిచిందని, నలుగురిలో పరువు తీసిందని, ఓడ తీసేసిందని. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు కూడా ఆవిడనే తప్పుబట్టారు. మొగుడి నోటి దగ్గర కూడు తీసిన మనిషి అన్నారు. వరండాలో ఆవిడ పక్కన కూర్చోవడానికి కూడా కొన్నాళ్ళు ఎవరూ ఇష్టపడలేదు.

ఉద్యోగం పోయినా కొంతకాలం వైద్యం ఇవ్వచ్చని మా రూల్సులో ఉండేది. నెలనెలా సుబ్బరత్నం వచ్చి, ఇప్పుడు ఆయన పేరునే రాసిన మందులు పట్టుకెళ్ళేది. ప్రతిసారీ నేను మందులతోపాటు ఒక జాగ్రత్త చెప్పేదాన్ని. ఈ జబ్బు పాతబడితే పాదాలు మొద్దుబారతాయి, ముల్లు గుచ్చుకున్నా మేకు దిగినా తెలియదు, షెడ్డులో ఇనపముక్కల మధ్య తిరిగే మనిషి, రోజూ పాదాలు చూసుకోవాలి, వేళ్ళ సందులతో సహా, చిన్న పుండుని వదిలేస్తే కాలే తీసేయాల్సి వస్తుంది అని. ఎవరికి చెప్పాలి ఆవిడ? మాటే లేని మనిషికి. "నేను నాకే చెప్పుకుంటున్నట్టు గోడకేసి చెప్పానండి" అనేది.

ఇలాంటి చోట డాక్టరు చేయగలిగిందేమీ లేదు. ప్రాణం నిలబెట్టామని మనం అనుకుంటాం. ఆ నిలబడ్డ ప్రాణంతో ఒక ఇంట్లో వాళ్ళు ఎలా కాపురం చేస్తున్నారో మనం చూడం, సాయంత్రం బండికి వెళ్ళిపోతాం. నేను రాత్రిళ్ళు ఆలోచించి ఆలోచించి, చేసింది సరే అనే నిర్ణయానికే వచ్చేదాన్ని. అంత సరైన పనికి ఇంత దిగులెందుకో మాత్రం తేల్చుకోలేకపోయేదాన్ని.

వానాకాలం పోయి చలి మొదలైన రోజుల్లో ఒకసారి వచ్చింది. మందులు సంచిలో పెట్టుకుంది. నేను అలవాటుగా, "ఏమన్నా మాట్లాడాడా?" అని అడిగాను.

"లేదండి."

"ఒక్క మాట కూడా?"

"లేదండి అమ్మగారూ." లేచి నిలబడి, సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం వైపు చూస్తూ అంది: "షెడ్డు నుంచి వచ్చి, కడుక్కుని, మంచం మీద కూర్చుని కాళ్ళు నా వైపు చాపుతున్నాడండి. నేను దీపం దగ్గరికి జరిపి చూస్తాను. వేళ్ళ మధ్య కూడా చూస్తాను. ఏమీ లేదండీ అంటే, అప్పుడు వెనక్కి తీసుకుంటాడు."